గెయిన్ మీద చెయ్యి వేసే ముందు

ఒరేయ్ అల్లుడూ,

వచ్చే ప్రోగ్రాంకి, మైకులన్నిటినీ కలిపి స్పీకర్లకు పంపే సౌండ్ కన్సోల్ దగ్గర నువ్వొక్కడివే ఉంటావట. అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు. "నీ మేనల్లుడు నీ దారే పట్టాడు" అని నవ్వాడు కూడా. నాకు ముందు గర్వంగా అనిపించింది, ఫోన్ పెట్టేశాక టెన్షన్ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం. ఇందులో సగం నీకు తెలిసే ఉంటుంది, అయినా చదువు.

బల్ల నిండా ఉన్న నాబ్‌లను చూసి కంగారు పడకు. నిలువుగా ఉన్న ఒక్క వరస, అంటే ఒక మైకు ఛానెల్, అర్థమైతే చాలు, పక్కవన్నీ దాని కాపీలే. గెయిన్, లో కట్ (బాగా కింది స్థాయి శబ్దాల్ని కోసేసేది), ఈక్యూ (కింది, మధ్య, పై స్థాయి శబ్దాల్ని విడివిడిగా పెంచి తగ్గించేది), ఆక్స్ (స్టేజీ స్పీకర్లకో ఎఫెక్ట్స్‌కో విడిగా పంపేది), పాన్ (ఎడమకో కుడికో జరిపేది), మ్యూట్, ఫేడర్ (హాల్‌కి వెళ్లే శబ్దాన్ని పెంచి తగ్గించే జారుడు మీట). పైనుంచి కిందికి ఒకసారి వేలు పెట్టి చదువుకో.

ఆన్ చేసేటప్పుడు ముందు కన్సోల్, చివర యాంప్లిఫయర్లు. ఆఫ్ చేసేటప్పుడు ముందు యాంప్లిఫయర్లు. కండెన్సర్ మైక్‌కి (కరెంటు ఇస్తేనే పనిచేసే రకం) 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇచ్చే ముందు ఆ ఛానెల్ మ్యూట్ చెయ్యి, లేకపోతే స్పీకర్లు ఢామ్మంటాయి. గొంతు మైకులన్నిటికీ లో కట్ వెయ్యి. 80 హెర్ట్జ్ కింద వచ్చేవి స్టేజీ మీద అడుగుల చప్పుళ్లే, పాటకు పనికొచ్చేది పెద్దగా ఉండదు. ఈక్యూలో ఏదైనా పెంచాలనిపిస్తే, ముందు ఏది తగ్గిస్తే సరిపోతుందో చూడు. ఇవి ఇంతే.

గెయిన్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి.

మైక్ నుంచి వచ్చేది మిల్లీవోల్టుల్లో ఉండే నీరసమైన సిగ్నల్. దాన్ని కన్సోల్‌కి పనికొచ్చేలా లేపేది గెయిన్. పీఎఫ్ఎల్ (ఫేడర్‌తో పనిలేకుండా ఆ ఛానెల్‌ని హెడ్‌ఫోన్స్‌లో, మీటర్‌లో చూపించే బటన్) నొక్కి, పాడేవాళ్లను పాటలో అన్నిటికంటే గట్టిగా ఎత్తుకునే చోటు పాడమను. మొహమాటంగా "హలో, వన్, టూ" అని దిగిపోతామంటే ఒప్పుకోకు. అనలాగ్ కన్సోల్ అయితే మీటర్ సున్నా చుట్టూ ఆడాలి. డిజిటల్ అయితే సగటున మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర ఉంచు, ఎంత గట్టిగా పాడినా ఎర్ర లైటు వెలగకూడదు. అలా కుదిరితే ఫేడర్ సున్నా గీత దగ్గరే నిలబడుతుంది. అక్కడ కొద్దిగా జరిపితే ఒకటో రెండో డెసిబెల్స్ మారతాయి. అడుగున ఉంటే అంతే కదలికకు పది దాకా ఎగిరిపోవచ్చు, ఇక సన్నని పని ఏం చేస్తావు?

కుదిరాక, ప్రోగ్రాం నడుస్తుండగా గెయిన్ జోలికి వెళ్లకు. ఫేడర్ హాల్‌కి వెళ్లే కుళాయి లాంటిదైతే, గెయిన్ ట్యాంకు దగ్గరి వాల్వు. దాన్ని తిప్పితే హాలు, స్టేజీ మానిటర్లు (పాడేవాళ్లకు తమ గొంతు వినిపించే స్పీకర్లు), ఎఫెక్ట్స్, అన్నీ ఒక్కసారే మారిపోతాయి.

నేను పని నేర్చుకునే రోజుల్లో నాకొక సీనియర్ ఉండేవాడు. చెవి అద్భుతం, ఓపిక సున్నా. సౌండ్ చెక్‌లో గాయని మెల్లగా రెండు ముక్కలు పాడితే "చాలమ్మా" అనేశాడు. ప్రోగ్రాంలో ఆమె గొంతు హాల్లో వెనక వరసలకు వినపడలేదు. ఫేడర్ అప్పటికే పైదాకా పోయి ఉంది. ఆయన ఇంకేం ఆలోచించకుండా గెయిన్ తిప్పాడు. ఆమె ముందున్న మానిటర్ అప్పటికే కూతకు (మానిటర్ శబ్దం మళ్లీ మైక్‌లోకే దూరి తిరుగుతూ పెట్టే కీచు, అదే ఫీడ్‌బ్యాక్) అంచున ఉంది. ఒక్కసారిగా కీచుమంది. నేను సరిగ్గా ఆ మానిటర్ పక్కనే మోకాళ్ల మీద కూర్చుని కేబుల్ సర్దుతున్నాను. ఆయన గాభరాగా ఫేడర్ కిందికి లాగేశాడు. కూత ఆగలేదు. హాల్ మొత్తానికీ ఉండే మాస్టర్ ఫేడర్ లాగాడు. హాలంతా నిశ్శబ్దం, స్టేజీ మీద కూత మాత్రం అలాగే ఉంది.

ఎందుకు ఆగలేదో చెప్పు చూద్దాం. మానిటర్‌కి వెళ్లే ఆక్స్ ప్రీ-ఫేడర్, అంటే ఫేడర్‌కి ముందే సిగ్నల్ తీసుకుంటుంది. నువ్వు ఫేడర్ లాగినా, మాస్టర్ లాగినా దానికి పట్టదు. అలా ఉండటమే మంచిది కూడా, లేకపోతే హాల్ కోసం నువ్వు చేసే ప్రతి మార్పూ పాడేవాళ్ల చెవుల్లో పడుతుంది. కానీ కూత వచ్చినప్పుడు చెయ్యి వెళ్లాల్సింది ఆ ఆక్స్ మీదికి. ఆయనైతే తిప్పిన నాబ్‌నే వెనక్కి తిప్పినా సరిపోయేది. రివర్బ్‌కి వెళ్లే ఆక్స్ సంగతి వేరు, దాన్ని పోస్ట్-ఫేడర్‌లో, అంటే ఫేడర్ తర్వాత సిగ్నల్ తీసుకునేలా పెట్టు. లేకపోతే గొంతు తగ్గించినా దాని ప్రతిధ్వని గాల్లో వేలాడుతూ ఉంటుంది.

నా ఎడమ చెవి రాత్రిపూట ఇప్పటికీ గుయ్‌మంటుంది. ఆ సీనియర్ మీద కోపమేం లేదు, పాపం ఆయనే నాకన్నా ఎక్కువ బాధపడ్డాడు. కానీ నీ చెవుల విషయంలో నేను మంచిదాన్ని కాను, తిడతాను. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చంటారు. మూడు పెరిగిన ప్రతిసారీ ఆ టైమ్ సగమవుతుంది. 100కి వచ్చేసరికి పావుగంటే. ఇయర్‌ప్లగ్స్ జేబులో పెట్టుకోవడం కాదురా, చెవిలో పెట్టుకో. హెడ్‌ఫోన్స్ వాల్యూమ్ తగ్గించాకే సోలో (ఒక్క ఛానెల్‌నే హెడ్‌ఫోన్స్‌లో వినిపించే బటన్) నొక్కు. చిన్నప్పుడు దీపావళి టపాసులకు రెండు చెవులూ మూసుకుని నా వెనక దాక్కునేవాడివి. ఆ భయం కొంచెం మిగుల్చుకో, తప్పులేదు.

డిజిటల్ కన్సోల్ అయితే ఇంకో గండం ఉంది. మానిటర్ సరిచేయడానికి సెండ్స్ ఆన్ ఫేడర్ (హాల్‌కి బదులు ఆ మానిటర్‌కి వెళ్లే ఆక్స్‌ని ఫేడర్లకు అప్పగించే బటన్) నొక్కుతావు, నొక్కినట్టు మర్చిపోతావు. హాల్లో గొంతు తగ్గిస్తున్నాననుకుని స్టేజీ మీద తగ్గిస్తావు. ఫేడర్ ముట్టుకునే ముందు ఏ లేయర్‌లో ఉన్నావో, అంటే ఫేడర్లు ఇప్పుడు దేన్ని నడుపుతున్నాయో, కళ్లతో చూడు. నడుస్తుండగా సీన్ రీకాల్ (దాచిపెట్టుకున్న సెట్టింగ్‌లను మళ్లీ తెచ్చుకోవడం) చెయ్యకు, మ్యూట్‌లతో సహా మొత్తం మార్చేసి కూర్చుంటుంది.

ప్రోగ్రాంకి ముందే మాన్యువల్ తీసి బ్లాక్ డయాగ్రామ్ (కన్సోల్ లోపల సిగ్నల్ దారి చూపే బొమ్మ) చూడు, సాధారణంగా చివరి పేజీల్లో ఉంటుంది. ప్రీ-ఫేడర్ ఆక్స్ ఈక్యూకి ముందు తీసుకుంటోందో తర్వాతో, మ్యూట్ నొక్కితే ఆ ఆక్స్ కూడా ఆగుతుందో లేదో అందులో తేలుతుంది. అన్ని కన్సోళ్లూ ఒకేలా ఉండవు. ఆ రెండూ చూసి, మోడల్ పేరుతో సహా నాకు రాసి పంపు.

అత్తయ్య