“నీ చిత్తమే” అన్నా మనసు ఒప్పుకోకపోతే

వందనాలు సిస్టర్. బెంగళూరు ఉద్యోగం వదిలి చిత్తూరులో అమ్మ దగ్గర ఉండాల్సి వస్తోందని, “నీ చిత్తమే ప్రభువా” అంటున్నా లోపల మనసు ఒప్పుకోవడం లేదని రాశారు. అది వేషధారణ కాదండీ.

సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువు మొదట అడిగింది ఏమిటి? ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, తొలగించమని. ఆ తర్వాతే తండ్రి చిత్తానికి ఒప్పుకున్నాడు. మత్తయి 26 చదవండి, ఒక్కసారితో లేచి వెళ్లలేదు, మూడుసార్లు అదే ప్రార్థన చేశాడు. మీరు మొదటి సగం మింగేసి రెండో సగం మాత్రమే పలుకుతున్నారేమో అనిపిస్తోంది. ఈ రాత్రి తలుపేసుకుని “నాకు బెంగళూరే కావాలి ప్రభువా, ఆ జీతం కావాలి, చర్చిలో ఎవరూ జాలిగా చూడకూడదు” అని ఏడ్చి చెప్పండి. ఆయనకు తెలియనిదేమీ కాదుగా.

దేవుని చిత్తానికి అప్పగించుకోవడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కూడా కాదు. అపొస్తలుడైన పౌలు సువార్త చెప్పడానికి బితూనియ ప్రాంతానికి వెళ్లాలని ప్రయత్నించాడు, దేవుని ఆత్మ వెళ్లనివ్వలేదు. త్రోయ పట్టణానికి వచ్చాకే మాసిదోనియకు రమ్మని పిలుపు వచ్చింది (అపొస్తలుల కార్యములు 16). మీరూ మేనేజర్‌ను వర్క్ ఫ్రమ్ హోమ్ అడగండి, తిరుపతిలో ఖాళీలు చూడండి. అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లే రోజులు వంతులుగా పంచుకుందామని మీ అన్నయ్యతో ఈ ఆదివారమే మాట్లాడండి.