మా వీధిలో పాత ఇళ్ళ చరిత్ర ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. మా వీధిలో పాత మండువా లోగిళ్ళు ఇంకా ఏడెనిమిది ఉన్నాయి, మొన్న సంక్రాంతికి వెళ్ళేసరికి ఒకటి పడగొట్టేశారు, వేసవిలో ఇంకోటి కూడా తీసేస్తారట. ఎవరు కట్టారు ఎప్పుడు కట్టారు రాసిపెడదామని అడిగితే అందరూ "వందేళ్ళ పైమాటే" అంటారు, అంతకుమించి చెప్పరు. రెవెన్యూ వాళ్ళేమో అదంతా గ్రామకంఠం, ఇంటింటికీ రికార్డు ఉండదన్నారు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? (ఓ పాఠకురాలు, కోనసీమ)

జవాబు: అమ్మా, వాళ్ళు చెప్పింది చాలావరకు నిజమే. పొలాలకైతే అడంగల్ అవీ ఉంటాయి గానీ గ్రామకంఠం అంటే ఊళ్ళో ఇళ్ళున్న జాగా, అదంతా మామూలుగా ఒకే సర్వే నంబరు కింద పోతుంది, అందుకని అక్కడ ఎంత తిరిగినా ఇంటి సంగతి తేలదు. మీకు కావాల్సింది ఆఫీసులో కన్నా మీ వీధిలో వాళ్ళ ట్రంకుపెట్టెల్లోనే ఎక్కువుంది, పాత క్రయ దస్తావేజులు, పంపకాల కాగితాలు.

అందులో ముందు చూడాల్సింది హద్దులు. తూర్పు ఫలానా వారి ఇల్లు, దక్షిణం రాజవీధి, పడమర ఫలానా వారి పెరటి గోడ, ఉత్తరం ఫలానా వారి ఖాళీ స్థలం అని రాసుంటుంది కదా, అంటే ఒక్క కాగితంలో మీ ఇంటితో పాటు చుట్టుపక్కల వాళ్ళందరూ ఆ ఏడాదికి ఎవరో తెలిసిపోతోంది. పక్కింటి వాళ్ళ కాగితం పోయినా ఫర్లేదు, మీ కాగితంలో వాళ్ళున్నారు. "ఖాళీ స్థలం" అన్న చోట ఇరవై ఏళ్ళ తర్వాత కాగితంలో "పెంకుటిల్లు" అని ఉంటే ఆ ఇల్లు ఈ మధ్యలో లేచిందన్నమాట. అందుకే ఒక్కో ఇంటి చరిత్ర విడిగా కాకుండా వీధి మొత్తం ఒకేసారి పట్టుకోమంటాను, దొరికిన ప్రతి దస్తావేజు హద్దులూ ఒక పెద్ద కాగితం మీద గీసుకుంటూ పోండి.

తేదీల దగ్గర జాగ్రత్త. కొన్ని కాగితాల్లో తెలుగు సంవత్సరమే ఉంటుంది, శార్వరి అని ఉందనుకోండి అది 1900లోనూ వచ్చింది 1960లోనూ వచ్చింది. అప్పుడు స్టాంపు చూడండి, విక్టోరియా రాణి బొమ్మ ఉంటే మొదటిది, మూడు సింహాలుంటే రెండోది. స్టాంపు వెనకాల అమ్మినాయన రాసిన తేదీ, కొన్నవాళ్ళ పేరు కూడా ఉంటాయి, చాలామంది వెనక్కి తిప్పనే తిప్పరు. జిల్లా పేరు కూడా పనికొస్తుంది. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడి మనది తూర్పు గోదావరి అయింది, అంతకుముందు ఉత్త గోదావరి జిల్లానే, 1859కి ముందైతే రాజమండ్రి జిల్లా.

పెంకు మీద అచ్చేసిన సంవత్సరాన్ని మాత్రం నమ్మకండి. మంగుళూరు పెంకుల మీద 1865 అనో 1868 అనో కనిపిస్తుంది, అది ఆ కంపెనీ పెట్టిన ఏడాది, ఇల్లు కట్టింది ఎప్పుడో తర్వాత. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో, కాలవలొచ్చి పంటలు నిలదొక్కుకున్నాకే ఇక్కడ ఇంత టేకు పోసి కట్టే స్థోమత చాలామందికొచ్చింది, ఆ సంగతి కూడా మనసులో పెట్టుకుంటే "మూడొందల ఏళ్ళ ఇల్లు" లాంటి మాటలు వడకట్టుకోవచ్చు.

పెద్దవాళ్ళని ఏ సంవత్సరం అని అడక్కండి, చెప్పలేరు. 86 వరదకి ఇంట్లోకి నీళ్ళొచ్చాయా, 96 తుఫానుకి పెంకులు లేచిపోయాయా, అప్పటికి వసారా ఉందా, పెద్దమ్మాయి పెళ్ళి ఏ అరుగు మీద జరిగింది, ఇలా అడిగితే మామ్మగార్లు గలగలా చెప్తారు. కాగితాలు అడిగేటప్పుడు మాత్రం నెమ్మదిగా, మన ఊళ్ళల్లో దస్తావేజు అనగానే వాటాల గొడవేమో అని భయపడతారు. ఇప్పటి కాగితం అక్కర్లేదు, పాతది ఒక్కసారి చూపిస్తే మీ ముందే ఫొటో తీసుకుని ఇచ్చేస్తానండి అని చెప్పండి, ఇంటికి పట్టుకెళ్ళొద్దు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఆ తర్వాత. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకుముందువి ఆఫీసులో పుస్తకాలు వెతికించాల్సిందే, దస్తావేజు నంబరు, సంవత్సరం పట్టుకెళ్తే నకలు తేలిగ్గా వస్తుంది. పాత కాగితంలో అంతకుముందు దస్తావేజు నంబరు కూడా రాసుంటుంది చాలాసార్లు, అలా ఒకదాని వెనక ఒకటి లాక్కుంటూ పోవచ్చు. పంచాయతీలో ఇంటి పన్ను రిజిస్టర్లు కూడా అడగండి, డోర్ నంబర్లు మారిపోయుంటాయి కాబట్టి పేరుతో వెతకాలి.

ఇవన్నీ రేపైనా చేసుకోవచ్చు, వేసవిలో తీసేసే ఆ ఇంటికి మాత్రం ఈ ఆదివారమే వెళ్ళండి. టేపుతో మండువా, గదులు, అరుగులు కొలిచి ప్లాను గీయండి, దూలాల మీదా ద్వారబంధం మీదా ఏమైనా చెక్కారేమో సున్నం గోకి చూడండి, గోడ ఇటిక సైజు రాసుకోండి. పడగొట్టే మేస్త్రీ నంబరు కూడా తీసుకోండి, గోడల్లోనూ పునాదిలోనూ ఏం బయటపడినా ముందు చూసేది ఆయనే.