టోక్యోలో ఉండగా పెద్ద భూకంపం వస్తే ఎలా ఉంటుంది?

ఉద్యోగం మీద జపాన్ వెళ్తున్నాను, అక్కడ భూకంపం చూసినవాళ్లు ఎలా ఉంటుందో చెప్పండి అని అడిగారు కదా. 2011 మార్చి 11న నేను టోక్యోలోనే ఉన్నాను, షింజుకులో ఒక ఎత్తైన ఆఫీసు బిల్డింగులో.

మధ్యాహ్నం 2:46కి మొదలైంది. ముందు ఎవరూ కుర్చీలోంచి లేవలేదు, అక్కడ చిన్నాచితకావి వస్తూనే ఉంటాయి, ఆగిపోతుందిలే అనుకుంటాం. ఇది ఆగకపోగా పెరుగుతూ పోయింది. కిటికీ బ్లైండ్లు అద్దాలకు టకటకా కొట్టుకుంటున్నాయి, చక్రాలున్న జెరాక్స్ మెషీన్ దానంతటదే గోడ దాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చింది, ఎదురుగా ఉన్న టవర్ ఊగడం కంటికి కనిపిస్తోంది. ఎత్తైన భవనాలు నేల కుదుటపడ్డాక కూడా చాలాసేపు ఊగుతాయి, ఆ రోజు షింజుకులో కొన్ని పది నిమిషాలకు పైనే ఊగాయి. విరగకుండా ఉండాలనే అలా ఊగేలా కడతారు, ఆ సంగతి తెలిసినా కడుపులో తిప్పడం మాత్రం ఆగదు.

కానీ నన్నడిగితే అసలు పరీక్ష ఊగడం ఆగాకే. రైళ్లు ఆపేశారు. ఫోన్ కాల్ కలవదు, ఇంటర్నెట్ మాత్రం నడిచింది, అమ్మావాళ్లు టీవీలో సునామీ చూసి కంగారుపడతారని "బాగానే ఉన్నా" అని ఒక్క ముక్క మెయిల్ కొట్టి నడక మొదలుపెట్టాను. రోడ్ల నిండా సూట్లు వేసుకున్న జనం, తోపులాట లేదు, అరుపుల్లేవు, దారిలో దుకాణాల్లో ఒనిగిరి (అన్నం ముద్దలు), బ్రెడ్డు అరలన్నీ ఖాళీ. ఎప్పుడో రాత్రికి ఇల్లు చేరి టీ పెడదామంటే స్టవ్ వెలగదు! పైపు పగిలిందేమో అని టెన్షన్ పడనక్కర్లేదు, గట్టిగా ఊగితే గ్యాస్ మీటర్ తనంతట తానే కట్టేసుకుంటుంది. వాసన రావట్లేదని చూసుకుని, స్టవ్, గీజర్ అన్నీ ఆపి, మీటర్ మీదున్న బటన్ నొక్కి మూడు నిమిషాలు ఆగితే మళ్లీ వస్తుంది. కొత్త ఇంట్లో దిగిన రోజే ఆ మీటర్ ఎక్కడుందో చూసి పెట్టుకోండి.

ఇంకోటి, అక్కడ మనం చూసుకోవాల్సింది మాగ్నిట్యూడ్ కాదు, షిందో. మాగ్నిట్యూడ్ మొత్తం భూకంపానికి ఒకటే అంకె, షిందో అంటే మీరున్న చోట ఎంత ఊగింది అని. ఆ రోజు మాగ్నిట్యూడ్ 9.0, ఈశాన్యాన ఉన్న మియాగిలోని కురిహారాలో షిందో 7, అదే టోక్యోలో '5 ఎగువ' (షిందో 5లో దిగువ, ఎగువ అని రెండు మెట్లుంటాయి). ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే టీవీలో ఎప్పుడు పెద్ద అంకె కనిపించినా ఫోన్లు మోగిపోతాయి.

ఫోన్‌లో భూకంపం హెచ్చరిక మోగితే చేతిలో ఉండేది కొన్ని సెకన్లే, భూకంప కేంద్రానికి దగ్గర్లో ఉంటే అవీ ఉండవు. బయటికి పరుగెత్తకండి, పైనుంచి అద్దాలు, బోర్డులు పడతాయి. టేబుల్ కిందికి దూరండి. బీరువాలు గోడకు బిగించండి, మంచం పక్కన చెప్పులు పెట్టుకోండి, రాత్రిపూట నేల మీద గాజుపెంకులు కనపడవు.

ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు 1981 తర్వాతి భూకంప నిబంధనల ప్రకారం కట్టిందేనా అని ఏజెంటును మొహమాటం లేకుండా అడగండి, అక్కడ అది మామూలు ప్రశ్నే.