11 సెకన్ల వీడియో చూసి నేనూ ఒక స్టార్ ఇచ్చాను

సోషల్ మీడియాలో జనమంతా కలిసి ఒకరిని దులిపేయడం, బాయ్‌కాట్ చేయడం న్యాయమేనా అని అడిగారు. ఒకసారి ఆ జనంలో నేనూ ఉన్నాను కాబట్టి చెబుతున్నా.

మూడేళ్ల కిందట మా ఊరి గ్రూపులో 11 సెకన్ల వీడియో వచ్చింది. కొత్తగా పెట్టిన టిఫిన్ సెంటర్ ఓనరు ఎనిమిదేళ్ల పిల్లాడిని చెంప మీద కొట్టాడు, వాడి చేతిలోని స్టీలు ప్లేటు కింద పడి గిర్రున తిరిగింది, అంతే. ‘పిల్లలతో పని చేయిస్తూ కొడుతున్నాడు’ అని కింద రాశారు. నేను హైదరాబాద్‌లో ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని, అక్కడ ఇడ్లీ ముక్క కూడా తినకుండానే గూగుల్‌లో ఒక స్టార్ ఇచ్చి, నాలుగు ఘాటు మాటలు రాసి, ఇంకో మూడు గ్రూపులకు పంపి ఆ రాత్రి హాయిగా పడుకున్నా.

సంక్రాంతికి వెళ్తే షట్టర్ మూసి ఉంది. ఆ పిల్లాడు ఆయన సొంత కొడుకేనట, పునుగుల కోసం కాగే నూనె బాండీ మీదికి వంగాడట, అమ్మ చెప్పింది. కొట్టడం తప్పే. దానికి కొట్టు మూసుకోవాలా? నా రివ్యూ తీసేశాను, మిగతావాళ్లవి అలాగే ఉన్నాయి. మూడు గ్రూపుల్లోనూ ‘అది నిజం కాదు’ అని పెడితే ఒక్కరు బొటనవేలు గుర్తు పెట్టారు.

నాది చిన్న సంగతి. 2018 జూలైలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న వాట్సాప్ పుకారుతో బీదర్ జిల్లాలో హైదరాబాద్ కుర్రాడిని కొట్టి చంపేశారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లను ఐదు చాట్లకు కుదించింది.

అలాగని నోరెత్తొద్దని అనను. ఎక్కడ చెప్పుకున్నా వినని చోట ఆడవాళ్లకు, లైంగిక వేధింపుల్ని పేర్లతో సహా బయటపెట్టే మీటూ ఒక్కటే దిక్కయింది. గాయని, డబ్బింగ్ కళాకారిణి చిన్మయి 2018లో పేరున్న వాళ్ల మీద ఆరోపణలు చేస్తే, తర్వాతి నెలలోనే తమిళ డబ్బింగ్ యూనియన్ సభ్యత్వం పోయింది (చందా కట్టలేదని కారణం చెప్పారు లెండి). పెద్దవాళ్ల మీద నోరు విప్పితే విప్పినవాళ్లకే దెబ్బ. టిఫిన్ సెంటర్ ఆయన మీద రాస్తే నాకేం కాలేదు, ఏమీ కాదని తెలుసు కాబట్టే అంత ధైర్యం వచ్చిందేమో.

ఇప్పుడు మా ఊరి క్లిప్ ఏదొచ్చినా ముందు అమ్మకి ఫోన్ చేస్తున్నా. మొన్న వచ్చిన వీడియో గురించి అడిగితే ‘ఆ స్కూటీ పిల్ల ఎవరో నాకేం తెలుసురా, పొయ్యి మీద పాలున్నాయి’ అని పెట్టేసింది. ఆ వీడియో ఇంకా ఎవరికీ పంపలేదు.