ఆ భోజనం దగ్గర ఏం జరిగిందమ్మా?

అమ్మాయికి ఆశీస్సులు.

అమెరికా వ్యోమగామి చార్లెస్ బోల్డెన్ మీద నువ్వు పంపిన వ్యాసం రాత్రి కరెంటు పోయేలోపే చదివేశాను. పొద్దున్న మళ్లీ తీసి ఒక్క వాక్యం కింద ఎర్రగీత కొట్టాను. ‘తర్వాత ఆయన రష్యన్లతో కలిసి విజయవంతంగా పనిచేశారు.’ అంతేనా? రాకెట్టు పైకి లేవడానికి మూడు పేజీలు పెట్టావు, నిప్పులు కక్కుతూ, మబ్బులు చీల్చుకుంటూ. దీనికి ఒక్క ముక్కా?

బోల్డెన్ అమెరికా మెరీన్ దళంలో పైలట్. రష్యావాడంటే శత్రువనే నేర్చుకున్న సైనికుడు. 1994 ఫిబ్రవరిలో అంతరిక్షంలోకి వెళ్లే డిస్కవరీ షటిల్ నౌకకి కమాండర్‌గా ఉండు, నీతో ఒక రష్యన్ వస్తాడంటే మొదట ససేమిరా అన్నాడు. పోనీ, వాళ్లతో ఒక పూట భోంచేసి చూడమన్నారు. వెళ్లాడు. ఎదురుగా రష్యన్ వ్యోమగాములు సెర్గీ క్రికలేవ్, వ్లదిమీర్ టిటోవ్. ఆ పరిచయంతో మనసు మార్చుకున్నాడు. అమెరికా షటిల్ ఎక్కిన మొదటి రష్యన్‌గా క్రికలేవ్ ఆయన నౌకలోనే వెళ్లాడు. అసలు కథంతా ఆ భోజనం బల్ల దగ్గరుంది. ముందు ఎవరు మాట కలిపారు? ఏ మాటకి మెత్తబడ్డాడు? ఆయన ఇంటర్వ్యూలు వెతుకు. దొరికినంతే రాయి, కల్పించకు.

కోనసీమలో పుట్టినదానివి, రాజీ ఎలా కుదురుతుందో నీకు వేరే చెప్పాలా? దాళ్వాకి, అదే రెండో పంటకి, నీళ్లు చాలని ఏడాది కాలవ నీటికి వంతులు పెడతారు. ఎగువ రైతుకీ శివారు రైతుకీ మాటలుండవు. నా తొలినాళ్ల కథ ఒకటి దానిమీదే. తూము దగ్గర తగువు. కాలవ నీళ్లు వదిలే లస్కరు షట్టరు తాళంచెవి మొలలో దోపుకుని, ఇద్దరూ కూర్చుని టీ తాగేదాకా తియ్యనని గట్టుమీద చతికిలబడ్డాడు. గ్లాసు పట్టుకున్నాక కూడా ఇద్దరూ చెరో పక్కకే చూస్తున్నారు. కళ్లారా చూసిందే రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు టీ ముక్క మొత్తం కోసేసి, కొట్లాట మాత్రం ఉంచి, పైన తల పగిలిన బొమ్మ వేయించాడు. మనియార్డరు వస్తే తీసుకున్నాను, అప్పటి అవసరం అలాంటిది. ఆ సంచిక మాత్రం ఇంట్లో ఉంచలేదు. ఇప్పటివాళ్లకీ అదే జబ్బు, కాకపోతే దాన్ని స్ఫూర్తి అంటున్నారు. పేదింట్లో పుట్టాడు, కల కన్నాడు, గెలిచాడు. మధ్యలో ఎవరితో ఏం బేరమాడాడో ఎవడికీ అక్కర్లేదు.

నల్లజాతి కుర్రాడని సొంత రాష్ట్రం నేతలు నేవల్ అకాడమీకి సిఫార్సు చెయ్యకపోతే, ఏకంగా ప్రెసిడెంట్ జాన్సన్‌కే ఉత్తరం రాసిన ఘట్టం బాగా రాశావు.

2009 నుంచి 2017 దాకా నాసా అధిపతిగా ఉన్న కాలం మాత్రం సన్మానపత్రం చదివినట్టుంది. 2010 అక్టోబరులో చైనా వెళ్లొచ్చాడు. మరుసటేడే, అనుమతి లేకుండా చైనాతో నేరుగా కలిసి పనిచెయ్యడానికి నాసా పైసా ఖర్చుపెట్టకూడదని అమెరికా చట్టసభ కాంగ్రెస్ చట్టం చేసింది. చేతులు కట్టేసింది ఇంట్లోవాళ్లే. ఇలాంటివి వదిలేస్తే అది దౌత్యం మీద వ్యాసం ఎలా అవుతుంది?

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండింది, నాసా, ఇస్రో కలిసి చేసిన ఉపగ్రహం నైసార్ పేరైనా లేనందుకు. 2014 సెప్టెంబరు 30న టొరంటోలో ఇస్రో ఛైర్మన్ రాధాకృష్ణన్‌తో కలిసి దాని ఒప్పందం మీద సంతకం పెట్టింది ఈయనే. మంగళయాన్ కక్ష్యలో చేరి అప్పటికి వారం కూడా కాలేదు. ఎల్-బ్యాండ్ రాడార్ వాళ్లది, ఎస్-బ్యాండ్ మనది, రాకెట్టూ మనదే. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరింది. మబ్బున్నా చీకటైనా దానికి అడ్డు కాదు, నేల సెంటీమీటర్లలో కుంగినా పసిగడుతుంది. నది ఎగువనుంచి ఒండ్రు రావడం తగ్గి, పక్కన ఉప్పాడలో ఇళ్లు సముద్రం పాలైపోతుంటే, డెల్టాలో కూర్చుని రాసేదానివి ఇది ఎలా వదిలేశావు?

రాకెట్టు మూడు పేజీలూ మూడు వాక్యాలు చెయ్యి. మిగిలిన చోటంతా బల్ల దగ్గర కూర్చున్నవాళ్లది. అట్టమీద ఎవరి బొమ్మ వెయ్యాలో తర్వాత చూద్దాం. సంక్రాంతిలోపు తిరగరాసి పంపు. కొరియర్ వద్దు, ఆ కుర్రాడు గేటు మీంచి బురదలోకి విసురుతున్నాడు. అమలాపురం బస్సులో ఎవరైనా వస్తుంటే వాళ్ల చేతికియ్యి.