పదకొండో పేజీలో గౌను

అమ్మా,

చదివి చెప్పమని నువ్వు పంపిన కథ మంగళవారం అందింది. ఆ రాత్రే చదివేశాను. పొద్దున లేచి పదకొండో పేజీ మళ్లీ చదివాను.

నీ సాలెమనిషి, అదే నీ సాలెపురుగు రాక్షసుడు, ఒకణ్ణి చంపేసి అపార్ట్‌మెంట్ గోడ మీంచి కిందికి పాకుతుంటాడు. రెండో అంతస్తు కిటికీ దగ్గర తీగ మీద చిన్నపిల్ల గౌను ఒకటి ఆరేసి ఉంటుంది. వాడు ఒక కాలు పైకెత్తి, గౌనుకి తగలకుండా పక్కకి జరిగి, దిగిపోతాడు. చాలా బాగుంది. అది రాసిన చేతికి వాడి బరువు తెలుసు, ఆ గోడ తెలుసు. కానీ ఆ వెంటనే కింద ఇంకో వాక్యం రాశావు: "ఎందుకంటే వాడికి చనిపోయిన తన కూతురు గుర్తొచ్చింది." అక్కణ్ణుంచి మూడు పేజీల ఫ్లాష్‌బ్యాక్. ఆసుపత్రి, వాన, అప్పులవాళ్లు. నాకు ఒళ్లు మండింది. ఈ ఉత్తరం ఆ 'ఎందుకంటే' గురించే.

'కామెన్ రైడర్' మొదటి ఎపిసోడ్ చూశాక ఈ కథ పుట్టిందని రాశావు కదా. అయితే దాన్నే ఇంకోసారి జాగ్రత్తగా చూడు. 1971 ఏప్రిల్ 3న జపాన్ టీవీలో వచ్చింది. షాకర్ అనే ముఠా హోంగో తకేషి అనే కాలేజీ కుర్రాణ్ణి ఎత్తుకుపోయి, ఆపరేషన్ చేసి, మిడత శక్తులున్న మనిషిగా మార్చేస్తుంది. మెదడు కూడా మార్చేలోపు ప్రొఫెసర్ మిదోరికావా అతన్ని తప్పిస్తాడు. వాళ్ల మీదికి షాకర్ పంపిన మొదటి రాక్షసుడు సాలెమనిషి. వాడు ప్రొఫెసర్‌ని దారంతో చంపేస్తాడు. కూతురు రురికో వచ్చేసరికి ఆమెకి కనబడేది తండ్రి శవం, దాని పక్కన హోంగో. తండ్రిని ఇతనే చంపాడనుకుంటుంది.

సాలెమనిషి ఆ ఎపిసోడ్ అయిపోయేలోపే చస్తాడు. వాడికి దక్కిన సొంత కథ అరగంట కూడా ఉండదు. అయినా రురికో మనసులో అనుమానం వాడితో పోలేదు. హీరో ఆ పిల్లని కాపాడాక కూడా ఆ పిల్ల హీరోని నమ్మలేదు. రాక్షసుడి కొలత అదమ్మా. వాడు ఎన్ని అడుగులున్నాడు, ఎన్ని భవనాలు కూల్చాడు అన్నది కాదు, పోయాక ఏం మిగిల్చిపోయాడన్నది. నీ వాడికి నలభై అడుగులు పెట్టావు, ఎనిమిది చేతులు పెట్టావు, ఒక టవర్ కూల్పించావు. వాడు చచ్చాక నీ కథలో ఎవరి బతుకూ మారలేదు. ఇళ్లకెళ్లి అన్నాలు తిని పడుకున్నారు.

ఇంకోటి చూడు. ఆ సాలెమనిషి అంతకుముందు ఎవరు? పేరేంటి? పెళ్లయిందా? ఒక్క మాట చెప్పలేదు. కానీ హోంగోని పడుకోబెట్టిన బల్లని మనం అప్పుడే చూసేశాం. వీణ్ణీ అలాంటి బల్ల మీదే చేసి ఉంటారని మనకి మనమే అనుకుంటాం. హోంగో మెదడు మిగిలింది, వీడిది మిగల్లేదు. హీరోకీ వీడికీ తేడా అంతే. అది మనకి తట్టినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. వాళ్లే చెప్పేసి ఉంటే "అయ్యో పాపం" అనుకుని ఊరుకునేవాళ్లం. మూడో ఎపిసోడ్‌లో తేలుమనిషి వస్తాడు. వాడు హోంగోకి పాత ప్రత్యర్థి అని చెప్తారు. అక్కడ కథ నడవాలంటే అది తెలియాలి, అందుకే చెప్పారు. అవసరమైన చోట చెప్పొద్దని నేననను.

2000లో వచ్చిన 'కామెన్ రైడర్ కూగా'లో కూడా మొదట వచ్చేది సాలెపురుగు రాక్షసుడే. అందులో రాక్షసులు తమలో తాము వాళ్ల సొంత భాషలో మాట్లాడుకుంటారు. టీవీలో కింద అనువాదం వేయలేదు. ఎందుకు చంపుతున్నారో పోలీసులకి తెలీదు, హీరోకి తెలీదు, చూసేవాళ్లకీ తెలీదు. వాళ్లకి అదొక ఆట అని చాలా ఎపిసోడ్ల తర్వాత గానీ బయటపడదు. పిల్లలు చూసే ఆదివారం పొద్దుటి సీరియల్లో అంత ధైర్యం చేశారు!

నాకు అంత ధైర్యం లేకపోయింది. ముప్పై ఏళ్లు దాటింది. ఊరి బావిలో విషం కలిపేవాడి కథ ఒకటి రాశాను. అచ్చుకి ముందు మా అక్క కూతురికి చదివి వినిపిస్తే, రెండ్రోజులు బావి నీళ్లు ముట్టలేదు. గ్లాసు ఎత్తి వెలుతురులో చూసి, కింద పెట్టేసేది. అదే కథ ఒక పిల్లల పత్రికకి పంపాను. సంపాదకుడు పిలిపించి, "వాడెందుకలా చేశాడో ఒక పేరా రాయండి, లేకపోతే పిల్లలు భయపడతారు" అన్నాడు. భయపడాలనే కదా రాసింది! ఆ మాట అనలేదు. అద్దెకి డెబ్బై అయిదు రూపాయలు కావాలి. అక్కడే బల్ల మీద కూర్చుని, వాడి చిన్నతనంలో ఊరివాళ్లు వాణ్ణి కొట్టారని రాసిచ్చాను. అచ్చయింది. అదే పిల్ల మళ్లీ చదివి, "పాపం కదా మామయ్యా" అని నీళ్లు తాగేసింది. ఆ పేరా ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఇప్పుడు సంపాదకులు అడగక్కర్లేకుండా మీరే రాసేస్తున్నారు. ఏ సిరీస్ పెట్టినా విలన్‌కి ఒక బ్యాక్‌స్టోరీ, దానికో పాట. దుర్మార్గుడి మీద జాలి పుట్టించడమే లోతు అనుకుంటున్నారు.

అసలు సాలెపురుగే ఎందుకని అడిగావు. జపాన్ వాళ్లకి అది పాత సంగతి. త్సుచిగుమో అంటే మట్టి సాలీడు. 'యమతో' అనే పాత జపాన్ రాజ్యపు రాజులకి లొంగని స్థానిక తెగల్ని వాళ్ల పురాతన చరిత్రల్లో ఆ పేరుతోనే రాశారు. తర్వాత్తర్వాత అదే నిజం సాలీడై, రాక్షసై కూర్చుంది. మా అమ్మాయి దగ్గరికి టోక్యో వెళ్లినప్పుడు ఆ పేరుతోనే ఉన్న 'నో' నాటకం, అంటే వాళ్ల పాతకాలపు రంగస్థల నాటకం, చూశాను. సాలీడు వేషగాడు చెయ్యి విసిరితే సన్నటి తెల్ల కాగితపు దారాలు వందలకొద్దీ విచ్చుకుని యోధుడి మీద పడతాయి. చప్పుడుండదు. యోధుడు కత్తి తిప్పుతూనే ఉంటాడు, దారాలు భుజాలకి, కత్తికి, స్తంభానికి వేలాడుతూనే ఉంటాయి. నల్లబట్టల మనుషులు వెనకాల వంగి వాటిని మెల్లగా చుట్టి తీసేస్తుంటారు. నేను సాలీడుని మర్చిపోయి ఆ చుట్టేవాళ్లనే చూస్తూ కూర్చున్నాను.

కానీ నీ పాఠకులు తెలుగువాళ్లు. శ్రీకాళహస్తిలో 'శ్రీ' అంటేనే సాలెపురుగు. శివుడికి గూడు అల్లి, దాన్ని కాల్చే దీపాన్ని మింగబోయిన భక్తుడు. సాలెపురుగు అన్నంత మాత్రాన మనవాళ్లు హడలిపోరు. ఆ భయం నీ వాడు చేసే పనిలోంచే రావాలి. చంపినవాడు గౌనుకి తగలకుండా దిగాడు. ఆ ఇంటివాళ్లకి పొద్దున కిటికీ చువ్వకి ఒక దారం కనబడుతుంది. అక్కణ్ణుంచి నువ్వు రాయి.

నువ్వడిగిన కలం పేరు సంగతీ, ఏ ప్రచురణకర్తకి పంపాలన్న సంగతీ తర్వాత చూద్దాం.

పదకొండో పేజీ తిప్పి పంపుతున్నాను. 'ఎందుకంటే' దగ్గర్నుంచి పెన్సిల్‌తో కొట్టేశాను. పన్నెండు, పదమూడు, పద్నాలుగు పేజీలు పంపడం లేదు, నా దగ్గరే ఉంటాయి. మళ్లీ రాసేటప్పుడు కాగితానికి ఒకవైపే రాయమ్మా, వెనకవైపు సిరా ఇవతలికి కనబడి అక్షరాలు కలిసిపోతున్నాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు