ఫైబర్ బానెట్‌కి రంగు వేయించే ముందు

ప్రశ్న: సార్, మాది రేణిగుంట. నా పాత మారుతి 800 బానెట్ తుప్పు పట్టి చిల్లులు పడితే ఫైబర్‌తో కొత్తది చేయించాను. పైన తెల్లగా, నున్నగా మెరుస్తోంది. ఒక పెయింటరేమో నేరుగా ప్రైమర్ కొట్టేద్దాం అంటున్నాడు, ఇంకొకాయన ఆ మెరుపంతా పోయి లోపలి ఫైబర్ కనపడేదాకా రుద్దాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వినొద్దు తమ్ముడూ. ఆ తెల్లటి పొరని జెల్‌కోట్ అంటారు, మందం అర మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉంటుంది. దాన్ని తీసేస్తే లోపలి గాజు పోగులు బయటపడి, వాటి మధ్య గాలి బుడగలు చిన్న చిన్న రంధ్రాలుగా తెరుచుకుంటాయి, ఇక వాటిని పూడ్చలేక చావాలి. అలాగని నేరుగా ప్రైమర్ కొడితే అది నిలవదు, ఎందుకంటే అచ్చులోంచి బానెట్ సులువుగా ఊడిరావడానికి రాసిన వాక్స్ ఇంకా దాని మీదే ఉంటుంది.

అందుకే రుద్దే గరుకు పేపర్ పట్టుకోకముందే కడగాలి. ఈ వరస తప్పితే తర్వాత ఎంత ఖర్చుపెట్టినా లాభం లేదు, ఎందుకంటే వాక్స్ మీద రుద్దితే అది గీతల్లోకి దిగిపోతుంది, రంగు కొట్టాక అక్కడక్కడా గుండ్రటి గుంతలు పడతాయి, వాటినే ఫిష్ ఐ అంటారు. మొదట గోరువెచ్చని సబ్బునీళ్లతో బాగా కడగండి, కొందరు అచ్చుకి వాక్స్ మీద పీవీఏ అనే పొర కూడా కొడతారు, అది నీళ్లకే కరుగుతుంది. ఆరాక వాక్స్ రిమూవర్‌తో తడిపిన గుడ్డతో తుడుస్తూ, అది ఆరేలోపే రెండో చేత్తో పొడి గుడ్డ పట్టండి, లేకపోతే వాక్స్ ఎక్కడికీ పోదు, ఉన్నచోటే పరుచుకుంటుంది. కిరోసిన్ మాత్రం వద్దు, జిడ్డు మిగులుతుంది. చివర్లో నీళ్లు పోసి చూడండి, పల్చగా పరుచుకుంటే శుభ్రమైనట్టు, తామరాకు మీద నీటిబొట్టులా ముడుచుకుంటే మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

తర్వాత బానెట్‌ని బండికి బిగించి, ఫెండర్ల దగ్గర సందులు సమానంగా ఉన్నాయా, లాక్ పడుతోందా చూడండి, కోయాల్సినవీ రంధ్రాలు చేయాల్సినవీ ఇప్పుడే అయిపోవాలి. అలా బిగించి ఉండగానే నాలుగైదు రోజులు మన ఎండలో ఉంచండి. గాజు పోగుల్ని అతికించే కొత్త రెసిన్‌లో మిగిలిన స్టైరీన్ అనే రసాయనం ఆవిరై బయటికి పోతుంది, లేకపోతే రంగు కింద బుడగలు వస్తాయి. గోడకి ఆనించి మాత్రం ఎండలో పెట్టకండి, వంగిపోతుంది.

ఇక రుద్దడం. 220 నంబర్ పేపర్‌తో, చెక్క దిమ్మె పెట్టి, మెరుపు పోయి మసకబారేదాకా రుద్దితే చాలు. తడిపి రుద్దితే దుమ్ము లేవదు, ఎలాగైనా ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మంచి మాస్క్ తప్పనిసరి, గాజు దుమ్ము చర్మానికీ ఊపిరితిత్తులకీ మంచిది కాదు. రంధ్రాలు కనపడితే సూదితో కాస్త పెద్దవి చేసి, గాలి కొట్టి పాలిస్టర్ పుట్టీ నొక్కండి, పైపైన పూస్తే లోపల గాలి మిగిలిపోతుంది.

ప్రైమర్ అంటే ఎపాక్సీ వేయించండి, ఇనుముకి వేసే యాసిడ్ ఎచ్ ప్రైమర్ ఇక్కడ దండగ. దాని మీద సర్ఫేసర్, అంటే సన్న గీతల్ని పూడ్చే మందపాటి ప్రైమర్, అది ఆరాక 320తో సాపు చేసి, చివర 600 వాటర్ పేపర్. 2కే మాల్, అంటే హార్డ్‌నర్ కలిపి వాడే రంగు, కొట్టేటప్పుడు పెయింటర్ ముక్కుకి టవల్ కట్టుకుంటే సరిపోదు, కార్ట్రిడ్జ్ మాస్క్ ఉండాలి, హార్డ్‌నర్‌లో ఉండే ఐసోసయనేట్ అనే రసాయనం వల్ల ఆస్తమా రావచ్చు. పెయింట్ బూత్‌లో వేడి పెట్టి రంగు ఆరబెట్టేవాళ్లకి ఇది ఫైబర్ అని ముందే చెప్పండి, వేడి ఎక్కువైతే ఆకారం చెడుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన వైపు వానలు, గాలిలో తేమ ఎక్కువ, కుదిరితే జనవరి, ఫిబ్రవరిలో పెట్టుకోండి. బండి రంగే మార్చాలనుకుంటే మాత్రం ఆర్సీలో కూడా మార్పించాలి.

ప్రశ్న: చిత్తూరు నుంచి రాస్తున్నాను. నా జీపు ఫైబర్ బానెట్ మీద సాలెగూడులా పగుళ్లు. పుట్టీ పెట్టి రంగు వేయిస్తే కొన్నాళ్లకి మళ్లీ అక్కడే వస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: పగులు రంగులో లేదండీ, కింద జెల్‌కోట్‌లో ఉంది, అక్కడ బానెట్ ఊగుతోంది కాబట్టే మళ్లీ మళ్లీ వస్తోంది. హింజ్ దగ్గరా లాక్ దగ్గరా బోల్టులు మరీ బిగుసుకున్నాయేమో, రబ్బరు బుష్‌లు అరిగాయేమో ముందు చూడండి. ఆ తర్వాత పగుళ్లు పూర్తిగా పోయేదాకా గ్రైండ్ చేయించి, వెనకవైపు రుద్ది గ్లాస్ మ్యాట్, రెసిన్‌తో ఒకటి రెండు పొరలు వేయించండి, అది గట్టిపడ్డాకే పైన పుట్టీ. పాత రంగు ఊడదీయడానికి కెమికల్ రిమూవర్ మాత్రం పూయనివ్వకండి, రంగుతో పాటు జెల్‌కోట్‌నీ తినేస్తుంది, పేపర్‌తోనే తీయమనండి.